అవ్వకు గుర్తున్న ఆ ఆరంకెలు

మా ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉందంటే బెంగళూరులో మా టీమ్‌లో ఎవరూ నమ్మరు. "మోగుతుందా?" అని అడుగుతారు, మ్యూజియంలో వస్తువు గురించి అడిగినట్టు. మోగుతుంది. రోజూ సాయంత్రం ఏడింటికి కచ్చితంగా మోగుతుంది. ఆ మోత ఆగిపోకుండా చూసుకోడానికి పోయినేడు నేను మూడు నెలలు తిరిగాను. కోడ్‌లో ఎంత పెద్ద బగ్ వచ్చినా అంత తిప్పలు పడలేదు.

ముందు ఆ నంబరు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి.

రెండేళ్ల కిందట అమ్మ, అవ్వ కలిసి తిరుపతిలో ఒక నిశ్చితార్థానికి పోయారు. తిరుగు ప్రయాణంలో బస్టాండులో అమ్మ నీళ్ల బాటిల్ కొనుక్కుని వెనక్కి తిరిగేసరికి అవ్వ లేదు. తిరుపతి బస్టాండు మీకు తెలుసు కదా. గుండ్లు కొట్టించుకున్నవాళ్లు, లడ్డు సంచులు పట్టుకున్నవాళ్లు, ఏ పూటైనా జాతరే. అందులో తెల్ల జుట్టు, నేత చీర ముసలామె ఎక్కడని వెతుకుతాం?

అమ్మ అటూ ఇటూ పరుగులు పెడుతుంటే, పూలమ్మే ఒకావిడ అవ్వను పట్టుకుని దగ్గర్లో ఉన్న కానిస్టేబుల్ దగ్గరికి తీసుకుపోయింది. "పెద్దమ్మా, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు తెలుసా?" అని ఆయన అడిగాడు. అవ్వ టక్కున ఆరంకెలు చెప్పింది.

"ఆరే చెప్తివే, ఇంకో నాలుగు చెప్పు పెద్దమ్మా."

"అంతే నాయనా. మా నంబరు అంతే."

ఆయన కొంచెం వయసున్న మనిషి కావడం మా అదృష్టం. "ఏ ఊరు మీది?" అన్నాడు. "పూతలపట్టు" అంది అవ్వ. అది ల్యాండ్‌లైన్ నంబరని ఆయనకు అర్థమైంది. ముందు ఎస్టీడీ కోడ్ తగిలించి కొట్టాడు. ఇంట్లో మా నాయన ఎత్తాడు. గంటలోపల అమ్మ, అవ్వ ఒకే బస్సులో ఉన్నారు.

తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మతిమరుపు మొదలైందన్నారు. అప్పటి నుంచి నెమ్మదిగా పెరుగుతా ఉంది. పొద్దున తిన్నదీ లేనిదీ గుర్తుండదు. నన్ను చూసి మా చిన్నాయన పేరు పెట్టి పిలుస్తుంది. కానీ ఆ ఆరంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేది. నా మొబైల్ నంబరు నేర్పిద్దామని వారం రోజులు కూర్చున్నాను. నాలుగో అంకె దగ్గర నవ్వేసి "పో రా అబ్బోడా, ఇదేంది ఇంత పొడుగు" అనేది.

అంటే మా అవ్వకు ఇంటి అడ్రస్ అంటే ఆ నంబరే.

పీపీ నంబరు రోజులు

మా తాతకు చిత్తూరు మండీతో బెల్లం వ్యాపారం. 1990ల చివర్లో మా వీధిలో మొదట ఫోన్ వచ్చింది మా ఇంటికే. అప్పుడు ఫోన్ కావాలంటే అప్లికేషన్ పెట్టి పేరు వచ్చేదాకా కాచుకోవాలి. వచ్చాక అది మా ఒక్కరి ఫోనుగా ఉండలేదు. వీధిలో సగం మందికి అదే పీపీ నంబరు. ఈ తరం వాళ్లకు పీపీ అంటే తెలియకపోవచ్చు. ఫోన్ పక్కింట్లో ఉంటుంది, వాళ్లు మనల్ని పిలుస్తారు. పెళ్లిపత్రికల మీద, అప్లికేషన్ల మీద నంబరు రాసి, పక్కన పీపీ అని పెట్టేవాళ్లు.

మా వైపు నుంచి కువైట్‌కు పనికి పోయినవాళ్లు చాలామంది. వాళ్లు ఫోన్ చేస్తే అవ్వ ఎత్తి, "పది నిమిషాలాగి మళ్లీ చెయ్ నాయనా" అని పెట్టేసి, వీధి చివరిదాకా పోయి పిలుచుకొచ్చేది. ఎవరికి బిడ్డ పుట్టినా, ఎవరు పోయినా ముందు తెలిసేది మా అవ్వకే. ఆ ఆరంకెలను ఎన్ని వేలసార్లు ఎంతమందికి చెప్పి ఉంటుందో. అందుకే అవి అంత లోతుగా దిగిపోయాయి.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. పీపీ పోయింది. తాత కూడా పోయాడు. ఫోన్ మాత్రం హాల్లో అదే స్టూలు మీద, అదే కుట్టుబట్ట కింద ఉండిపోయింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్ నంబరు కొట్టాలంటే ముందు సున్నా పెట్టాలన్న రూలు వచ్చినప్పుడు, నాయన దాని మీద "ముందు 0" అని కాగితం అంటించాడు. ఇప్పటికీ ఉంది.

జేసీబీ పంటికి తగిలితే

పోయినేడు వానల కాలంలో రోడ్డు పక్క కాలువ తవ్వుతూ ఒక జేసీబీ మా వీధి కేబుల్‌ను తెంపేసింది. ఫోన్ మూగబోయింది. అదే సమయంలో ఒక ప్రైవేటు ఫైబర్ కంపెనీ మా ఊళ్లో లైన్లు లాగుతా ఉంది. నేను నెలకు వారం రోజులు ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి నాకు ఎట్లాగూ మంచి నెట్ కావాలి. ఫైబర్‌తో పాటు ల్యాండ్‌లైన్ ఫ్రీ అన్నారు. ఇంకేం, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నా.

"మా పాత నంబరు ఇందులోకి పోర్ట్ చేస్తారు కదా?" అన్నాను.

కనెక్షన్ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. "ల్యాండ్‌లైన్‌కు పోర్టింగ్ లేదు సార్. కొత్త నంబరే వస్తుంది."

నేను నమ్మలేదు. సిమ్ రెండుసార్లు మార్చినవాణ్ని. పోర్ట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, నంబరు వేసి 1900కు మెసేజ్ పంపిస్తే కోడ్ వస్తుంది. ఆ కోడ్ కొత్త కంపెనీకి ఇస్తే మూడు పని దినాల్లో అయిపోతుంది. దీనికి మాత్రం ఎందుకు కుదరదు? ఇదే నాయనతో అంటే ఆయన స్టూలు వైపు చూపించి, "సరే, దాంట్లో నుంచి మెసేజ్ ఎట్లా పంపిస్తావో పంపించు చూస్తాం" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని రూల్స్ చదివాను. ఆ అబ్బాయి చెప్పిందే నిజం. మన దేశంలో పోర్టబిలిటీకి ట్రాయ్ 2009లో రెగ్యులేషన్స్ తెచ్చింది. వాటి పేరులోనే 'మొబైల్' ఉంది. 2010 నవంబర్ 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది. 2015 జూలై 3 నుంచి ఏ రాష్ట్రానికి మారినా అదే నంబరు ఉంచుకోవచ్చు. ఇదంతా మొబైల్‌కే. ల్యాండ్‌లైన్ ఆ బస్సు ఎక్కనేలేదు.

నంబరులోనే ఊరు, నంబరులోనే కంపెనీ

ఎందుకో అర్థం చేసుకోవాలంటే ల్యాండ్‌లైన్ నంబరును విప్పి చూడాలి. చిత్తూరుకు 08572, తిరుపతికి 0877. ఇది ఊరు. ఇట్లా ఫోన్ల కోసం దేశాన్ని రెండున్నర వేలకు పైగా చిన్న ప్రాంతాలుగా కోశారు. కోడ్ తర్వాత వచ్చే మొదటి అంకె చూస్తే కంపెనీ తెలుస్తుంది. 2తో మొదలైతే బీఎస్ఎన్ఎల్, 4తో మొదలైతే ఎయిర్‌టెల్, ఇట్లా పంచారు. కోడ్, నంబరు కలిపితే పదంకెలు. అందుకే కోడ్ పొడుగున్న చిన్న ఊళ్లలో నంబరు ఆరంకెలే, కోడ్ పొట్టిగా ఉన్న తిరుపతిలో ఏడు.

అంటే ఎక్స్ఛేంజీ ఎవర్నీ అడగాల్సిన పని లేదు. అంకెలు చదువుకుంటూ పోతే దారి అదే తెలుస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఊరు, కంపెనీ రెండూ నంబరులోనే హార్డ్‌కోడ్ అయిపోయాయి. పూతలపట్టు నుంచి తిరుపతికి ఇల్లు మారితే, అదే కంపెనీలో ఉన్నా ఆ నంబరు మీ వెంట రాదు.

మొబైల్ నంబర్లూ మొదట్లో ఇంతే. మొదటి నాలుగంకెలు చూసి ఇది ఫలానా కంపెనీ అని చెప్పేవాళ్లం. పోర్టబిలిటీ వచ్చినప్పుడు మధ్యలో ఒక డేటాబేస్ పెట్టారు. పోర్ట్ అయిన ప్రతి నంబరుకూ అందులో ఇంకో దాపుడు నంబరు ఉంటుంది. దాన్ని ఎల్ఆర్ఎన్ అంటారు. మీరు కాల్ చేసినప్పుడు నెట్‌వర్క్ ముందు ఆ డేటాబేస్‌ను చూసి, 'ఈ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది' అని తెలుసుకుని అటు పంపుతుంది. మీ స్నేహితుడు ఇల్లు మారినా అదే పేరుతో పిలుస్తారు కదా, అట్లా. నంబరు అడ్రస్‌గా ఉండటం మానేసి పేరుగా మారింది.

టెక్నాలజీ లేక కాదు. మా మేనమామ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. మొదటి ఇంట్లో పెట్టించుకున్న ఇంటి ఫోన్ నంబరును ఇప్పుడు తన సెల్‌లో వాడతా ఉన్నాడు. అమెరికాలో 1996 టెలికాం చట్టం వల్ల ల్యాండ్‌లైన్ నంబర్లకు కూడా పోర్టబిలిటీ వచ్చింది. 2003 నవంబర్ నుంచి ల్యాండ్‌లైన్ నంబరును మొబైల్‌లోకి కూడా మార్చుకోవచ్చు. నా కష్టం చెబితే వాడు పకపకా నవ్వాడు. "మీరు యూపీఐలో మాకంటే పదేళ్లు ముందుండారు, దీంట్లో ఇరవై ఏళ్లు వెనకుండారు" అన్నాడు. ఏం చెప్పేది?

మన దగ్గర ఎందుకు తేలేదు? నాకు తోచింది చెప్తాను. 2006 ప్రాంతంలో దేశంలో దాదాపు 5 కోట్ల ల్యాండ్‌లైన్లు ఉండేవి. ఆ తర్వాత తగ్గుతూ 2020 నాటికి సుమారు 2 కోట్లకు పడిపోయాయి. పోయే ప్రాణానికి ఆపరేషన్ ఎందుకని ఎవరూ పట్టించుకోనట్టుంది. కానీ కథ అక్కడ ఆగలేదు. ఇళ్లకు ఫైబర్ వచ్చాక ల్యాండ్‌లైన్ల లెక్క మళ్లీ పెరిగింది. మీ ఇంట్లో వైఫై పెట్టె వెనక చూడండి, ఫోన్ పెట్టుకునే చిన్న రంధ్రం ఉండొచ్చు. మీకు తెలియకుండా మీకూ ఒక ల్యాండ్‌లైన్ నంబరు ఉండొచ్చు.

2025 ఫిబ్రవరిలో ట్రాయ్ ఇంకో సిఫార్సు చేసింది. ల్యాండ్‌లైన్ నంబర్లను చిన్న ప్రాంతాల లెక్క నుంచి తప్పించి, టెలికాం సర్కిల్ మొత్తానికి పదంకెల పద్ధతికి మార్చాలన్నది. అది అమలైతే నంబరుకు, ఊరికి ఉన్న ముడి వదులవుతుంది. ముడి వదిలితే పోర్టింగ్‌కు దారి కొంచెం సులువవుతుందని నా ఆశ. కానీ మా అవ్వ అప్పటిదాకా ఆగదు కదా.

దొరికిన దారి, దాని వెనక ముడి

పాత కంపెనీ ఆఫీసుకే పోయాను. అక్కడ కౌంటర్లో ఒక మేడమ్ ఓపిగ్గా విన్నారు. "వేరే కంపెనీకి నంబరు పోదు. కానీ మా దగ్గరే ఉంటూ రాగి తీగ నుంచి ఫైబర్‌కు మారండి. అదే నంబరు ఇస్తాం" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఫైబర్‌లో నంబరు తీగకు కట్టేసి ఉండదు. అది ఒక యూజర్‌నేమ్ లాంటిది. మోడెమ్ లాగిన్ అయితే చాలు, ఫోన్ మోగుతుంది.

మేడమ్ కంప్యూటర్ చూసి, "కనెక్షన్ ఎవరి పేరుమీద ఉంది?" అన్నారు.

తాత పేరు మీద. తాత పోయి ఏడేళ్లు. బిల్లు కడతా ఉన్నాం, పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు.

పేరు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్, దాంతోపాటు వారసులందరూ అభ్యంతరం లేదని సంతకం పెట్టిన కాగితం. వారసులంటే అవ్వ, నాయన, చిన్నాయన.

నాయనకు, చిన్నాయనకు ఆరేళ్లుగా మాటల్లేవు. మూడెకరాల బెంగళూర మామిడి తోట, దాంట్లో బావి వాటా. మా పక్క ఇది కొత్త కథ కాదు. ఒకరి ఇంట్లో శుభకార్యానికి ఇంకొకరు పోరు. చిన్నాయన చిత్తూరులో ఉంటాడు, ఇక్కడికి అరగంట దారి. ఆరేళ్లలో మా గడప తొక్కలేదు.

నాయనతో చెప్తే, "ఆ నంబరు పోతే పోనీలే" అన్నాడు. కాసేపాగి, "వాని సంతకం కోసం నేనైతే పోను" అన్నాడు. నేను పోవద్దని మాత్రం అనలేదు.

ఆదివారం పొద్దున బండి వేసుకుని పోయాను. చిన్నమ్మ కాఫీ ఇచ్చింది. చిన్నాయన పేపర్ చదువుతూ తల ఎత్తలేదు. తోట కాగితాలు తెచ్చినాననుకున్నాడేమో, "ఏం సంతకం రా?" అన్నాడు గట్టిగా.

"ఫోన్‌కు చిన్నాయనా. మనింటి ఫోన్."

పేపర్ దించాడు. తిరుపతి బస్టాండు సంగతి చెప్పాను. ఆయనకు అది తెలియదు. రెండేళ్లు దాటినా తెలియదు. ఎవరు చెప్తారు?

"నంబరు చెప్పిందా అమ్మ?" అన్నాడు.

"చెప్పింది. ఆరంకెలూ చెప్పింది."

చిన్నాయన గొంతు సవరించుకుని ఆ ఆరంకెలు తనకు తానే పైకి అనుకున్నాడు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. కాలేజీ రోజుల్లో హాస్టల్ నుంచి ఆ నంబరుకు కొట్టేవాడినని, రూపాయి బిళ్ల అయిపోయేలోపు అవ్వ ఏం తిన్నావని మాత్రమే అడిగేదని చెప్పాడు. తర్వాత కాగితం తీసుకుని, మొత్తం రెండుసార్లు చదివి, సంతకం పెట్టాడు. "ఫోన్‌కే కదా రా, ఇంకేం లేదు కదా?" అని మళ్లీ అడిగాడు. నవ్వొచ్చింది, బాధా వేసింది. ఒక కుటుంబంలో నమ్మకం ఎంత దాకా కరిగిపోతుందో ఆ ప్రశ్నలో తెలిసింది.

ఏడింటి మోత

ఇంకో మూడు వారాలు పట్టింది. ఫైబర్ తీగ వచ్చింది, మోడెమ్ వచ్చింది, దాని వెనక రంధ్రంలో తాత కాలం నాటి ఎర్ర ఫోనే తగిలించాం. కొత్త ఫోన్ కొనలేదు, మోత మారితే అవ్వ గుర్తుపట్టదని.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి, మీలో ఎవరైనా ఇట్లా మారాలనుకుంటే. రాగి తీగలో కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. ఫైబర్‌లో అది లేదు. మోడెమ్ ఆగితే ఫోనూ ఆగుతుంది. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే. అందుకే మోడెమ్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టాను. అట్లే, మీ ఇంట్లో కనెక్షన్ పోయినవాళ్ల పేరు మీద ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. సంతకాలు పెట్టాల్సినవాళ్లు మాట్లాడుకుంటున్నప్పుడే.

లైన్ వచ్చిన సాయంత్రం నేను నా సెల్ నుంచి టెస్ట్ చేద్దామని తీసేలోపే ఎర్ర ఫోన్ మోగింది. అవ్వ అందరికంటే ముందు లేచింది. మామూలుగా గోడ పట్టుకుని నడిచే మనిషి.

"ఎవరూ?" అంది. అటువైపు నుంచి ఏదో అన్నారు. "తిన్నావా?" అంది అవ్వ.

చిన్నాయన. నేను పొద్దున, ఈ రోజు లైన్ వస్తుందని మెసేజ్ పెట్టి ఉంటిని. అప్పటి నుంచి రోజూ ఏడింటికి చేస్తాడు. నాయన ఆ టైముకు వసారాలోకి పోయి కూర్చుంటాడు. ఫోన్ ఎత్తడు. కానీ ఒకరోజు అవ్వ నిద్రపోతూ ఉంటే, మోగీ మోగీ ఆగిపోయాక, "నిద్రపోతాందని వానికి చెప్పు" అన్నాడు నాతో. తోట గొడవ అట్లాగే ఉంది. బావి వాటా తేలలేదు. ఫోన్ నంబరు దాన్ని తీరుస్తుందని నేను చెప్పను.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు, అలవాటుగా అడిగాను. "అవ్వా, మన నంబరు చెప్పు."

ఐదంకెలు చెప్పి ఆగింది. ఆరోది రాలేదు. పైకప్పు వైపు చూసింది, చేత్తో గాల్లో డయల్ తిప్పినట్టు తిప్పింది. రాలేదు. "రేపు చెప్తాలే" అంది.

ఆ రాత్రి నేను ఎస్టీడీ కోడ్‌తో సహా మొత్తం నంబరు ఒక తెల్లగుడ్డ ముక్క మీద ఇంకు పోని పెన్నుతో రాశాను. అమ్మ దాన్ని అవ్వ వక్కాకు సంచిలో లోపలి వైపు కుట్టింది. అవ్వ ఎక్కడికి పోయినా ఆ సంచి లేకుండా పోదు.

గుడ్డ మీద ఉన్న నంబరును ఎవరైనా చూసి కొడితే, అటువైపు మోగాలి. ఆ మూడు నెలలు నేను తిరిగింది అందుకే.